ఆరు గోడల ఆదివారం

ఆదివారం ఉదయం అయిదు గంటల నలభై నిమిషాలకు ఉదయలక్ష్మి ఒక చేతిలో రంగు డబ్బా, ఇంకో చేతిలో బ్రష్షుతో పార్కులోకి అడుగుపెట్టింది. ఆరు గోడలు, ఆరు గుర్తులు, పది నిమిషాల పని. ఆ తర్వాత ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కాలి. పథకంలో ఎక్కడా లోపం లేదు.

కొత్తపేటకూ ఎల్‌బీ నగర్‌కూ మధ్య నూట పది ఇళ్ల కాలనీ చంద్రికా నగర్. నడిమధ్యలో పార్కు. మూడు వైపులా రోడ్డు, నాలుగో వైపు ఆరు ఇళ్ల వెనక గోడలు. పెచ్చులూడి, పాన్ మరకలు పడి, అద్దె ఇళ్ల ప్రకటనలు అంటించి ఉన్న ఆ గోడల మీద బొమ్మలు వేయించాలని కాలనీ సాంస్కృతిక కార్యదర్శిగా ఉదయలక్ష్మి నాలుగేళ్లుగా అర్జీలు పెడుతోంది. చివరికి నగరంలో పార్కులకు బొమ్మలు వేయించే పథకం ఒకటి వచ్చింది. దాన్ని చూసే అధికారి మృదుల ఈ రోజు సాయంత్రం నాలుగింటికి వస్తోంది. ఆరు గోడలూ వరుసగా, శుభ్రంగా కనిపిస్తే అక్కడికక్కడే మంజూరు. ఒక్కటి తేడా వచ్చినా ఆ అవకాశం బడంగ్‌పేట్‌లో ఇంకో పార్కుకు పోతుంది. ఆ పార్కు కార్యదర్శి ఇప్పటికే స్వీట్లు ఆర్డరిచ్చాడని ఉదయలక్ష్మికి తెలుసు. ఆ స్వీట్లు వాళ్లు తినడం ఆమెకు ఇష్టం లేదు.

బొమ్మలు ఎనిమిది అడుగుల ఎత్తుండాలని మృదుల చెప్పింది. అందుకని ఉదయలక్ష్మి ప్రతి గోడ మీదా నిలువుగా ఒక బాణం గీసి, దాని కింద ఎనిమిది అంకె వేసింది. ఆరో గోడ తమదే. దానికీ వేసింది. ఇంట్లో గేటుకు వేయగా మిగిలింది ఎర్ర రంగు, కాబట్టి ఎర్ర రంగే వాడింది.

మెట్రోలో కూర్చున్నాక కాలనీ గ్రూపులో సందేశం పెట్టింది. "సాయంత్రం నాలుగింటికి మునిసిపల్ ఆఫీసర్ మేడమ్ వస్తున్నారు. పార్కు వైపు గోడలకు గుర్తులు పెట్టాము. అడ్డంగా ఉన్నవన్నీ ఆలోగా తీసేసి సహకరించగలరు."

అందులో బొమ్మల ఊసు లేదు. వారం రోజులుగా గ్రూపులో చెబుతున్నది బొమ్మల గురించే కదా, మళ్లీ ఎందుకు అనుకుంది. కానీ ఆమె సందేశం ఎంత పొడుగున్నా చదవకుండా దండం బొమ్మ పెట్టి ముందుకు పోవడం చంద్రికా నగర్ అలవాటు.

ఆ అలవాటు ఆ రోజు ఉదయం ఆరు నలభైకి తప్పింది.

రెండో ఇంటి బక్కయ్య ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. పళ్లు తోముకుంటూ పార్కు వైపు వచ్చి తన గోడ చూశాడు. బ్రష్షు నోట్లోనే ఉండిపోయింది. ఎర్ర రంగు. బాణం. అంకె. రోడ్లు వెడల్పు చేసేటప్పుడు, ఆక్రమణలు తీసేటప్పుడు ఇళ్ల మీద ఇలాంటి గుర్తులు అతను లెక్కలేనన్ని చూశాడు. ఆ గుర్తులున్న ఇళ్ల ముందు నుంచి బస్సు పోనిస్తూ, "పాపం" అని కూడా అనుకున్నాడు.

"ఓ అండాలూ! జల్ది రా! మన గోడకు గుర్తు పెట్టిన్రు!"

అండాలమ్మ వచ్చి అంకె చూసింది. "ఎనిమిదా? మనం జరిగింది తొమ్మిది గదా?"

"సప్పుడు చెయ్యకు! ఒక అడుగన్న మిగులుతుంది."

విషయం ఏమిటంటే, ఆ ఆరు ఇళ్లూ పార్కులోకి జరిగినవే. మొదట ఒకరు తులసి కోటకని మూడడుగులు జరిగారు. పక్కవాళ్లు నాలుగు. అందరూ చేసే తప్పు తప్పులా కనిపించదు. అలా జరిగిన స్థలంలో బక్కయ్యకు కిరాయిదారు బాత్రూమ్, మూడో ఇంటి సాంబమూర్తికి వడియాలు ఎండబెట్టే అరుగు, మిగిలిన వాళ్లకు మిగిలినవీ వెలిశాయి.

సాంబమూర్తి ముప్ఫై రెండేళ్లు రెవెన్యూ శాఖలో పనిచేసి వచ్చిన కోస్తా మనిషి. ఆయన కళ్లజోడు సవరించుకుని గుర్తును ఆ వైపు నుంచీ ఈ వైపు నుంచీ పరీక్షించాడు. చుట్టూ అయిదు ఇళ్ల వాళ్లూ మూగారు.

"సార్, బాణం పైకున్నది గదా," అన్నాడు బక్కయ్య ఆశగా. "మనకు సంబంధం లేదేమో."

"ఏమయ్యా, ఇన్నేళ్లు బస్సు తోలావు. రోడ్డు మీద బోర్డులో బాణం పైకుంటే బస్సు ఆకాశంలోకి తోలావా?"

"లేదు సార్. సీదా పోయిన."

"అదీ సంగతి. సీదాగా ఎనిమిది అడుగులు లోపలికి. గ్రూపులో మెసేజ్ చూడు. అడ్డంగా ఉన్నవన్నీ తీసేయమని మర్యాదగా రాసింది. నాలుగు దాటితే మర్యాద ఉండదు. మునిసిపాలిటీ మిషన్ వస్తే గోడతో ఆగదు, వంటిల్లు కూడా అదురుతుంది. మనమే తీసుకుంటే గోడే పోతుంది."

అయినా బక్కయ్య ఒక ప్రయత్నం చేశాడు. ఉదయలక్ష్మికి ఫోన్ చేశాడు. ఆమె అప్పటికి నాంపల్లిలో ఒక హాల్లో కూర్చుని ఉంది. పార్కు కార్యదర్శులందరికీ మృదుల శిక్షణ ఇస్తోంది. ఉదయలక్ష్మి ఫోన్ పట్టుకుని వరండాలోకి వచ్చి గుసగుసగా మాట్లాడింది.

"మేడమ్, గీ ఎనిమిది జర తగ్గియ్యరాదు?"

"కుదరదు బక్కయ్యగారూ. అందరికీ ఒకటే. మేడమ్ చాలా కచ్చితంగా చెప్పారు."

"అందరికా? మీ గోడకు గూడనా?"

"మాకు లేకుండా ఎలా? మొదట మా ఆయననే ఒప్పించాను."

బక్కయ్య ఫోన్ పెట్టేసి అందరి వైపు తిరిగాడు. "సెక్రటరీ మేడమ్ గోడ గూడ పోతున్నదంట. అంత పెద్దమనిషి ఒప్పుకున్నంక మనదేముంది? ఇగ మాట్లాడేది లేదు."

అండాలమ్మ తమ్ముడు శేఖర్‌కు నాగోలులో చిన్న జేసీబీ ఉంది. పదిన్నరకల్లా దాన్ని తోలుకుని వచ్చాడు. దిగి, వరుసగా నిలబడ్డ ఇంటి యజమానులను చూసి తల గోక్కున్నాడు.

"బావా, ఎక్కడికి పోయినా నా బండికి అడ్డం పండుకుంటరు. ఎదురొచ్చి చాయ్ ఇచ్చినోళ్లు మీరే."

"తాగి మొదలువెట్టు. నాలుగు దాటితే పరేషాన్."

మొదట బక్కయ్య గోడ పడింది. కిరాయిదారు బాత్రూమ్ లోపలే ఉన్నాడని రెండు నిమిషాలు ఆలస్యం. తర్వాత సాంబమూర్తి అరుగు. ఆయన భార్య లలితకుమారి వడియాల పళ్లెం నెత్తిన పెట్టుకుని మరీ, ఏ రాయి ముందు తీయాలో శేఖర్‌కు చెప్పింది. ఒంటిగంటకు నాలుగు గోడలు లేవు. రెండున్నరకు అయిదోదీ లేదు. ఇక మిగిలింది ఆరోది.

బక్కయ్య ముందు వైపు నుంచి వెళ్లి, తలుపు బాది ఉదయలక్ష్మి భర్త జోగారావును పిలిచాడు. జోగారావు భోజనం చేసి వెనక గదిలో ఉయ్యాలబల్ల మీద నడుం వాల్చాడు. బొమ్మలకు గోడలు బాగుచేస్తున్నారు కాబోలని, చప్పుడు వినపడకుండా చెవుల్లో దూది పెట్టుకుని ఉన్నాడు. దూది తీసి గుమ్మంలోకి వచ్చాడు.

"సార్, మీ గోడ పని ఎప్పుడు?"

"ఆఫీసర్ మేడమ్ వచ్చాక, ఆమె ముందరే. మా ఆవిడ అన్నీ పద్ధతిగా చేస్తుందిలెండి."

బక్కయ్య తిరిగొచ్చి అందరికీ చెప్పాడు. "ఆఫీసర్ ముంగట్నే కొట్టిస్తదట. లీడరంటే గట్లుండాలె." అయిదు కుటుంబాలూ చప్పట్లు కొట్టాయి. సాంబమూర్తి ఈలోగా ఒక కాగితం రాశాడు. పార్కు స్థలాన్ని స్వచ్ఛందంగా వదిలిపెట్టామనీ, ఇక ముందు దాని మీద ఏ హక్కూ కోరబోమనీ అందరి చేతా సంతకాలు పెట్టించాడు.

నాలుగింటికి అయిదు నిమిషాల ముందు మృదుల కారు వచ్చి ఆగింది. వెనక సీట్లోంచి ఉదయలక్ష్మి దిగింది. "ఇవే మేడమ్ మా గోడలు," అంటూ చెయ్యి చాపింది. చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఎదురుగా ఇటుకల కుప్పలు అయిదు. వాటి ముందు ఉతికిన బట్టలు కట్టుకుని అయిదు కుటుంబాలు. వాళ్ల వెనక, ముక్కులా ముందుకు పొడుచుకొచ్చి, ఎర్ర బాణంతో ఒంటరిగా ఆమె గోడ.

సాంబమూర్తి పూలగుత్తి ఇచ్చాడు. బక్కయ్య కాగితం ఇచ్చాడు. మృదుల కాగితం చదివి, మళ్లీ చదివి, "ఉదయలక్ష్మిగారూ, గోడలేవండీ?" అంది.

ఉదయలక్ష్మికి ఏం జరిగిందో అర్థం కావడానికి అర నిమిషం పట్టింది. దాక్కోవడానికి చోటు లేదు. నిజమే చెప్పింది. "నేను గుర్తులు పెట్టింది బొమ్మలు వేయడానికండీ. ఎనిమిది అడుగుల ఎత్తు బొమ్మలు."

"ఎత్తా?" అన్నాడు సాంబమూర్తి. అందరూ బాణం చూపిస్తున్న వైపు, ఆకాశంలోకి చూశారు. అక్కడ ఒక గాలిపటం తప్ప ఏమీ లేదు.

"అయ్యో, నా బాత్రూము!" అంది అండాలమ్మ.

బక్కయ్య ముందుకొచ్చాడు. "గట్లయితే మేడమ్, మా గోడ మాకు..."

సాంబమూర్తి అతని చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. "నోరు మూసుకో. గోడ కట్టివ్వమంటే ఏ స్థలంలో అని అడుగుతుంది. ఏం చెబుతావు? కాగితం మీద సంతకం కూడా పెట్టావు."

"రాసింది నువ్వే గద సార్!"

"పద్ధతి ప్రకారం రాశాను. అదే నా ఖర్మ."

అయిదు ఇళ్ల వాళ్లకూ కోపం పీకల దాకా ఉంది. బయటికి రావడానికి దారి లేదు. ఈలోగా మృదుల ఫోన్‌లో కాలనీ పాత ప్లాన్ తెరిచి, నేల మీద అడుగులు వేసుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి వచ్చింది.

"గోడలు లేకుండా బొమ్మల పథకం ఇవ్వలేనండీ. అది బడంగ్‌పేట్‌కే పోతుంది," అంది. ఉదయలక్ష్మి కళ్ల ముందు స్వీట్ల డబ్బా మెరిసింది. "కానీ ఇంత చోటుంటే ఇంకో పని చేయొచ్చు. ఆరుబయట వేదిక. మెట్లు, దీపాలు, రెండు వందల మంది కూర్చునే జాగా. పిల్లల నాటకాలు, బతుకమ్మ, సంగీతం అన్నీ ఇక్కడే. ఈ వైపు పార్కులన్నీ ఇరుకని పక్కన పెట్టేశాం. ఇక్కడ సరిగ్గా సరిపోతుంది."

ఆమె ఆగింది. ఆరో గోడ వైపు చూసింది. "ఆ అడ్డం లేకపోతే."

అయిదు కుటుంబాలూ ఒకేసారి ఉదయలక్ష్మి వైపు తిరిగాయి. అండాలమ్మ చేతులు కట్టుకుంది.

ఉదయలక్ష్మి తన గోడను చూసింది. దాని వెనక గదిని తలుచుకుంది. నాలుగేళ్ల అర్జీలను తలుచుకుంది. ఆరు గోడలు అడగడానికి వచ్చిన మనిషి, తన దగ్గర ఉన్న ఒక్క గోడ ఇవ్వనంటే రేపటి నుంచి ఈ పార్కులో నడవలేదు. పది సెకన్లు పట్టింది.

"శేఖర్! మిషన్ ఉందా, పంపేశావా?"

"గేటు కాడ్నే ఉన్నదక్కా!"

"తీసుకురా. ముందు లోపలున్న మనిషిని లేపాలి."

అప్పుడే ఆ గోడలోని కిటికీ తెరుచుకుంది. జోగారావు చెవిలోంచి దూది తీస్తూ తల బయట పెట్టాడు. ఇంత మంది ఎందుకు చేరారో అతనికి అర్థం కాలేదు. "వచ్చారా మేడమ్? కానివ్వండి, మా గోడ రెడీ," అన్నాడు ఆవులిస్తూ.

ప్లాన్ తీసి కొలిచి చూస్తే, జోగారావు పదకొండేళ్లుగా రోజూ మధ్యాహ్నం పార్కులోనే నిద్రపోతున్నాడని తేలింది.