పేముకుర్చీ దిగ్విజయం

వినండి ప్రజలారా! చేతులు కట్టుకుని కాదు, చెవులు విప్పుకుని వినండి.

ఋషికుల్యా మహానదికి దక్షిణాన, పట్టుచీరల ధగధగలతో కన్నులనూ అప్పడాల కరకరలతో నాలుకలనూ జయించిన బరంపుర మహాపట్టణమందు, బడా బజార్ అనే వర్తకారణ్య మధ్యమున, దేశానికి స్వతంత్రం వచ్చి నలభై ఏళ్లు దాటినా అది వంటగది గుమ్మం మాత్రం ఇంకా దాటని కాలమందు, ఒకానొక ఆదివారం, క్రికెట్ ఫైనల్ అనే మహాసమరం రంగుల టీవీలో ఘోషిస్తుండగా, అంతకు మించిన సమరం ఆ ఇంటి పొయ్యి దగ్గర రాజుకుంది.

నాయిక వాసవీకుమారి! పోపుధూమ ధూసరనేత్ర, అట్లకాడ ఖడ్గధారిణి, పురుషోత్తంపూర్ కిరాణా వర్తకుని కూతురు, బట్టల వ్యాపారి వెంకటరమణమూర్తిగారి పెద్దకోడలు. చిన్నప్పుడు తండ్రి కొట్లో రేడియోకి చెవి అంటించి మన జట్టు సిక్సర్లన్నీ వింది. కంటితో ఒక్కటీ చూడలేదు. టీవీ ఉన్న ఇంటికి కోడలైంది, అయినా చూడలేదు. సిక్సరంటే ఆమెకు గోడ అవతల మగవాళ్ల కేక, అంతే.

ఎందుకంటారా? ఒకసారి ఆమె పకోడీల పళ్లెంతో హాల్లో అడుగు పెట్టిన క్షణాన మన వికెట్టొకటి పడింది. గెలిచిన మేచ్ నాటి బనీనును ఉతక్కుండా తొడుక్కుని తపస్సు చేస్తున్న మామగారు తక్షణం తీర్పు చెప్పారు.

"కోడలి కాలు పడితే వికెట్ పడతాది. లోపలికెల్లమ్మా!"

ఆ బనీను కంపుకి మాత్రం ఎవరి వికెట్టూ పడదు కాబోలు! అంతలో బుద్ధిబృహస్పతి అయిన మరిది ఆదినారాయణ లేచాడు.

"నాన్నా, మరైతే ఎదుటోళ్ల బేటింగప్పుడు వదిన్ని తెచ్చి కూకోబెడదాం. టపటపా రాలిపోతారు!"

అది మొదలు వాసవి ఆ ఇంటి బ్రహ్మాస్త్రమైంది. శత్రువు బేటు పట్టుకుంటే రమ్మంటారు, మనవాళ్లు పట్టుకుంటే పొమ్మంటారు. పరదేశపు ఆటగాళ్ల ముఖాలు ఆమెకు మేనత్తల ముఖాలంత పరిచయం. మనవాళ్లు బేటు ఏ చేత్తో పడతారో తెలీదు.

ఆ ఆదివారం శత్రువులే మొదట బేటు పట్టి, ప్రళయకాల మేఘాల్లా పరుగులు కురిపించసాగారు. హాల్లోంచి హాహాకారం లేచింది.

"వదినా! జల్దీ రా, సంపేస్తన్నారు!"

"పప్పు ఉడకనేదు. రాను."

అస్త్రం సమ్మె కట్టింది! ఇంకో సిక్సరు పడింది. ఎడమకాలు నేలకు ఆనితే మన జట్టు ఓడుతుందని దృఢంగా నమ్మే మహావీరుడు, ఆమె భర్త రామచంద్రరావు, ఒంటికాలి మీద గెంతుకుంటూ వంటగది గుమ్మానికి వచ్చి పడ్డాడు.

"ఏటే ఇది? దేశం పరువు పోతంది!"

అప్పుడా వీరనారి అట్లకాడ ఎత్తి మేఘగంభీర స్వరంతో పలికింది.

"ఏటండీ! దేశం పరువంతా నా కాలి మీద నిలబెట్టి, ఆ కాలిని మసిబట్ట మీద నిలబెడతారా? మీ నాన్నగారి బనీను వ్రతమట, మీ గెంతులు భక్తట, నా అడుగు మాత్రం శనా? అడుగుతో వీరుల్ని కూల్చేదాన్నయితే నాకు దణ్ణం పెట్టండి. కాకపోతే సోటివ్వండి. ఆ పేముకుర్చీ నాది. మనోళ్ల ఆకరి బంతి దాకా లెగను. టీ మీ తమ్ముడు పెడతాడు."

"పేముకుర్చీ నాన్నది కదే!"

"ఆయన్ని సాప మీద కూకోమనండి. బనీనుంది కదా, సాలదా?"

అవతల మరో సిక్సరు మోగింది. ఒంటికాలి వీరుడు లొంగిపోయాడు.

ఆమె వెళ్లి కుర్చీలో కూలబడిన మరుబంతికే శత్రువు వికెట్టు ఎగిరింది! మామగారు చాప మీంచి వేసిన కేకకి వీధికుక్కలు సందు మలుపు తిరిగి పారిపోయాయి. వాసవి కూడా ఒకసారి తన కాలి వంక అనుమానంగా చూసుకుంది.

తరువాత మనవాళ్లు బేటు పట్టారు. అసలు యుద్ధం అదే.

"వదినా, పాలు పొంగతన్నట్టున్నాయి."

"మరి నువ్విక్కడున్నావేటి? ఎల్లు!"

అతను లేచేలోపే మన వికెట్టు పడింది. మూడు జతల కళ్లు అగ్నిబాణాలై కుర్చీని తాకాయి.

"సూశావా కోడలా!" అని మామగారు గర్జించారు.

"మావయ్యగారూ, తమరు తుమ్మినారు. నేను ఇన్నాను."

ఆయన్ని వంటగదిలోకి పొమ్మన్న మగాడు ఒక్కడూ లేడు. రాసుకోండి.

అప్పుడు పడిందా బంతి. మనవాడు ముందుకొచ్చి బేటు తిప్పాడు. తెల్లటి చుక్క పైకి లేచింది, ఇంకా లేచింది, చప్పుడే లేకుండా, గీత అవతల మూగిన జనంలో పడింది. సిక్సరంటే ఇంత నిశ్శబ్దమా! ఏళ్ల తరబడి గోడ అవతల విన్న కేకలన్నీ ఆమె గొంతులోంచి ఒక్కసారి బయటికి దూకాయి. ఆదినారాయణ చేతిలో టీ గ్లాసు ఒలికింది.

"ఆడకూతురివి, అరుపేటమ్మా! బడా బజారంతా ఇనబడతాది!" అన్నారు మామగారు.

"ఇనబడనీండి మావయ్యగారూ! ఇన్నాళ్లూ మీది నేను ఇన్నాను."

మేచ్ ఓడిపోయాం. ఘోరంగా ఓడిపోయాం. వ్రతం చెడిన బనీనును మామగారు విప్పి, అలవాటుగా, ఉతకమని కోడలి వైపు చాచారు. కోడలు భర్త వైపు చూసింది.

"ఏటండీ, ఇంక ఆ కాలు దించొచ్చు. ఎల్లి ఉతకండి."

కావున సమస్త జనులకూ చాటుతున్నాను: కప్పు పరాయివాళ్లు పట్టుకుపోయారు. పేముకుర్చీ మాత్రం పోలేదు. నూతి గట్టు మీద రామచంద్రరావు రెండు కాళ్ల మీదా నిలబడి బనీను బాదుతుండగా, పంచదార మరిచిన మరిది టీని చివరి చుక్క దాకా తాగి, విజేత వాసవీకుమారి ఇంకా అందులోనే కూర్చుని ఉంది.