ఆఖరి చెయ్యి

నిప్పు కనిపెట్టిన తరువాత మానవజాతి సాధించిన అసలైన ఘనకార్యం ఒక్కటే: చచ్చిన చేపకు చెమట పట్టకుండా సముద్రం దాటించడం. బతికినన్నాళ్ళూ ఆ చేప ఎవరి సాయమూ లేకుండా తన పాటికి తాను ఈదింది. చచ్చాక దానికి ఒక గది, ఆ గదికి కరెంటు, కరెంటు పోతే జనరేటరు, లోపల ఎంత చల్లగా ఉందో బయటికి చూపించే ఎర్ర అంకెలు, ఆ అంకెలను చూసి నిట్టూర్చడానికి జీతం మీద మనుషులు. ఈ గదినే కంటైనర్ అంటారు. అందులో చలి మైనస్ పద్దెనిమిది ఉండాలి. పదిహేడైతే చేప ఒళ్ళు కాలిపోతున్నట్టు లెక్క.

మా ప్యాకింగ్ ఫ్యాక్టరీ ఈ మహత్కార్యంలో తన వంతు పాత్ర పోషిస్తుంది. మేము ఆడవాళ్ళం, గడ్డకట్టిన చేప ముక్కలను అట్టపెట్టెల్లో సర్ది కంటైనర్‌లోకి ఎక్కిస్తాం. ఎక్కించడం తేలికే. తలుపు మూయడమే కష్టం.

ఎందుకంటే, సరుకు ఎక్కించాక ఆ తలుపును ఒక్కసారి కూడా తెరవకూడదని నిబంధన. తెరవలేదని ధ్రువీకరించడానికి ఒక అధికారి ఉన్నారు. ఆయన హోదా ‘తలుపు తెరవని అధికారి’. ఆయన వచ్చి, తలుపు తెరిచి, లోపల చలి సరిగ్గా ఉందో లేదో చూసి, ఈ తలుపును ఎవరూ తెరవలేదని సంతకం పెడతారు. (చదువు మధ్యలో ఆపేసినదాన్ని కాబట్టి, తలుపు తెరిస్తే చలి బయటికి పోతుందని నాకు అనిపిస్తుంది. పూర్తిగా చదివినవాళ్ళకు అలా అనిపించదట.) ఆయన తెరిచారు కాబట్టి మళ్ళీ సరిగ్గా మూశారో లేదో చూడటానికి రెండో అధికారి వస్తారు. అంచున ఉన్న రబ్బరు పట్టీ లోపలివైపు అతుక్కుందో లేదో చూడాలంటే ఆయన కూడా తలుపు తెరవక తప్పదు. ఈలోగా ఎర్ర అంకె ఒక మెట్టు ఎక్కుతుంది. అది ఎందుకు ఎక్కిందో విచారించడానికి మూడో అధికారి దయచేస్తారు. ఆయన తలుపు బార్లా తెరిచి, తల లోపల పెట్టి విచారిస్తారు.

ఇంతటి వ్యవహారానికి ఒక సాక్షి ఉండాలి కదా! అందుకే ఇంకో నిబంధన. ఆఖరి పెట్టెను ఎవరు లోపల పెడితే వాళ్ళు, తలుపుకి సీలు పడేదాకా అక్కడినుంచి కదలకూడదు. ఈ పదవి పేరు ‘ఆఖరి చెయ్యి’. దీనికి కుర్చీ లేదు, అదనపు కూలి లేదు, గౌరవం మాత్రం ఉంది (అని గోడ మీద రాసి ఉంది). అందువల్ల మా దగ్గర పనితనం అంటే చురుకుదనం కాదు, ముందుచూపు. పెట్టెల వరస తరుగుతుండగానే ఒకామెకు తల తిరుగుతుంది. ఇంకొకామె చేతి తొడుగు చిరుగుతుంది. మిగతావాళ్ళకి బాత్‌రూమ్ గుర్తుకొస్తుంది. చివరికి ఏ పరధ్యానపు మనిషి మిగులుతుందో, ఆమె చేతిలో ఆఖరి పెట్టె ఉంటుంది.

ఆ రోజు ఆ మనిషిని నేను. పొద్దున బయల్దేరేటప్పుడు మా పాప ఒళ్ళు వెచ్చగా తగిలింది. ఇంకా మాటలు కూడా రాని పిల్ల. అది దుప్పటి వెచ్చదనమా, జ్వరం వెచ్చదనమా అని తర్జనభర్జన పడుతూ పెట్టె మీద పెట్టె అందిస్తున్నాను. తలెత్తి చూస్తే చుట్టుపక్కల పిట్ట లేదు.

గోడవార నుంచి వదిన నవ్వింది. (ఆమె మా అందరికీ వదినే. ఏ అన్న భార్యో ఎవరికీ తెలియదు.)

"ఏమే పిల్లా, దొరికిపోయావా?"

"వదినా, ఈ ఒక్కసారికి నా బదులు నిలబడవూ? పాపకి ఒంట్లో బాగాలేదు."

"నీకోసం ప్రాణమైనా ఇస్తానే తల్లీ. ఆఖరి చెయ్యి మాత్రం అడక్కు. పోయినసారి నిలబడీ నిలబడీ, నన్ను కూడా ముక్కలు కోసి పెట్టెలో పెట్టేస్తారేమో అనిపించింది."

ఇంటికి ఫోన్ చేద్దామంటే, ఫోన్లు వేడెక్కుతాయి కాబట్టి మా అందరి ఫోన్లూ గేటు దగ్గరే ఉంచుకుంటారు. కంటైనర్ లారీ డ్రైవరు ఫ్యాక్టరీ మనిషి కాదు కాబట్టి అతని ఫోన్ వేడెక్కదు.

"తీసుకో చెల్లెమ్మా, తీరిగ్గా మాట్లాడు" అన్నాడతను. "నా బండి ఎలాగూ ఇప్పట్లో కదిలేలా లేదు."

అత్తయ్య వెంటనే ఎత్తింది.

"ఒళ్ళు పెనంలా కాలుతోందే. పాలు నోట్లో పెడితే ఉమ్మేస్తోంది. మధ్యాహ్నం దాటితే డాక్టరు ఉండడట. నువ్వు వస్తున్నావా లేదా? నేను ఎత్తుకెళదామంటే, నా మోకాళ్ళ సంగతి నీకు తెలిసిందే."

"వచ్చేస్తా అత్తయ్యా. తలుపు మూయగానే బయల్దేరతా."

"ఏ తలుపు?"

"చేపల తలుపు."

"తలుపు మూయడానికి ఎంతసేపే?"

"మూయడానికి కాదు అత్తయ్యా. మూశారో లేదో చూడటానికి."

అత్తయ్య ఫోన్ పాప దగ్గర పెట్టింది. పాప ఏడుపు వినపడింది. ఏడుపు కూడా కాదు, మూలుగు.

ఆ సమయానికి మొదటి ఇద్దరు అధికారులూ తలుపు తెరవడం పూర్తిచేశారు. మూడో ఆయన తల లోపల ఉంది. నేను సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళాను. (నిజానికి వెళ్ళలేదు, కదలకూడదు కాబట్టి ఉన్నచోటినుంచే పిలిచాను.)

"సార్, నేను ఇంటికి వెళ్ళాలి. పాపకి జ్వరం. ఒళ్ళు కాలిపోతోందట."

"ఎంత ఉంది?"

"ఇంట్లో థర్మామీటర్ లేదు సార్."

"చూశావా? అంకె లేకుండా జ్వరం అంటే ఎలా నమ్మమంటావు? ఇక్కడ చూడు, స్పష్టంగా మైనస్ పదహారున్నర. దీన్నంటారమ్మా ఎమర్జెన్సీ అని."

కంటైనర్‌లోంచి తల బయటికి వచ్చింది. "ఎవరికి జ్వరం?"

"మా పాపకి సార్."

"పాప ఎవర్ని ముట్టుకుంది?"

"నన్ను సార్. తల్లిని కదా."

"నువ్వు దేన్ని ముట్టుకున్నావు?"

"పెట్టెని సార్."

ముగ్గురు అధికారులూ ఒక్కసారి కంటైనర్ వైపు చూశారు. తరువాత నావైపు చూశారు. తరువాత ముక్కులకు రుమాళ్ళు అడ్డం పెట్టుకున్నారు.

అక్కడినుంచి వ్యవస్థ మేల్కొంది. దగ్గు ఉందా, వాంతులున్నాయా, ఒంటి మీద దద్దుర్లు లేచాయా, ముక్కు కారుతోందా, ఎప్పటినుంచి, ఏం తిన్నది? నా కూతురి ఆరోగ్యం గురించి ఇంత పెద్దవాళ్ళు ఇంత ఆత్రంగా వాకబు చేయడం అదే మొదటిసారి. నా కళ్ళు చెమర్చాయి. ముగ్గురూ కూడబలుక్కుని చాలా తర్కబద్ధమైన నిర్ణయానికి వచ్చారు. జ్వరం సంగతి రాస్తే కంటైనర్ ఆగుతుంది. కంటైనర్ ఆగితే ఓడ తప్పిపోతుంది. రాయకపోతే జ్వరం లేదు. జ్వరం లేకపోతే దాని గురించి నేను చెప్పలేదు. చెప్పలేదంటే నేను అసలు అక్కడ లేను. లేని మనిషిని అక్కడ నిలబెట్టడం నిబంధనలకు విరుద్ధం.

లేని మనిషిని ఇంటికి చేర్చడానికి మేనేజరుగారి కారు వచ్చింది. ఎవరూ తెరవకుండానే తలుపుకి సీలు పడింది. (సీలు వేయడానికి రెప్పపాటు చాలునని ఆ రోజే తెలిసింది.) ఆఖరి పెట్టె పెట్టింది వదినేనని తేల్చారు.

"నేనా? నేను బాత్‌రూమ్‌లో ఉన్నాను సార్!" అని వదిన మొత్తుకుంది.

"బాత్‌రూమ్‌లో ఎవరూ లేరని ఇందాకే ధ్రువీకరించాం" అన్నారు తలుపు తెరవని అధికారి.

కారు ఎక్కబోతుంటే సూపర్‌వైజర్ ఆరడుగుల దూరంలో నిలబడి చెప్పాడు. "రేపటినుంచి రావద్దమ్మా."

"పనిలోంచి తీసేశారా సార్?"

"ఛ ఛ! లేని మనిషిని ఎలా తీసేస్తాం? సరుకు అవతలి దేశం చేరాలి. వాళ్ళు తినాలి. ఎవరికీ ఏమీ కాలేదని కబురు రావాలి. అప్పుడు వద్దువుగాని."

డాక్టరు బ్యాగు సర్దుకుంటుండగా పాపను ఆయన బల్ల మీద పడుకోబెట్టాను. గొంతు చూశారు, చెవులు చూశారు, మామూలు జ్వరమే అన్నారు, మందు రాశారు. దాని పొట్ట మీద చెయ్యి వేసి చూసినంతసేపూ ఏ తలుపూ తెరవలేదు, ఎవరి సాక్ష్యమూ అడగలేదు. (అందుకే ఆయన క్లినిక్ ఇంకా ఒక్క గదిలోనే ఉంది.)

జ్వరం తగ్గింది. పాప ఇప్పుడు అన్నం సగం తిని సగం నేలకు తినిపిస్తోంది. అత్తయ్య బియ్యం డబ్బా అడుగు గీకుతూ, ఆ చప్పుడు నాకు వినపడేలా చూసుకుంటూ, రోజూ అదే ప్రశ్న వేస్తుంది.

"పనిలోకి ఎప్పుడే?"

"వాళ్ళకి అరగాలి అత్తయ్యా."

"ఎవరికి?"

"తెలియదు."

జీవితంలో నేను ఎవరికీ చెడు కోరలేదు. అయితే ముక్కూ మొహం తెలియనివాళ్ళ అరుగుదల కోసం ఇంత నిష్ఠగా దండం పెట్టుకుంటానని కూడా ఎప్పుడూ అనుకోలేదు. చివరికి ఉండబట్టలేక సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాను.

"చేరిందమ్మా, క్షేమంగా చేరింది" అన్నాడు, గొంతు నిండా సంతోషంతో. "మీరు సర్దిన సరుకు రాయిలా ఉందని మెచ్చుకున్నారు కూడా."

"మరి తిన్నారా సార్?"

"తొందరేముందమ్మా? రెండేళ్ళ దాకా చెడిపోదు."