జీడినూనె పిడి

వంశధార పెద్ద వరద తర్వాత ఇరవై రెండో వేసవి అది. ఉద్దానంలో పనసకాయ ముదిరి, జీడిపిక్క రాలుతున్న రోజులు. ఆ సోమవారం పొద్దున్న వైకుంఠరావు పెట్టుకున్న పని చిన్నదే. పిడికి పూత వెయ్యాలి. అరుగు మీద ఆరబెట్టాలి. బుధవారం బస్సెక్కి పలాస వెళ్ళి మేనకోడలు లావణ్య చేతిలో పెట్టి రావాలి.

ఆ పిడి ఎయిర్ పిస్టల్‌ది. లావణ్య డిగ్రీ చదువుతూ కాలేజీ ఎన్.సి.సి.లో గురి చూసి కాల్చడం నేర్చింది. ఆదివారం విశాఖపట్నంలో ఎంపిక పోటీ. కాలేజీ పిస్టల్ పిడి పెద్ద చేతులకు చేసింది, ఆమె చేతిలో తిరిగిపోతోంది. నెల కిందట వచ్చి, పిడిని కాగితం మీద పెట్టి గీసిన గీత ఇచ్చింది. బంకమట్టి ముద్దను కుడిచేత్తో గట్టిగా పిసికింది.

"నా సెయ్యి ఇలాగుంటాది మావయ్యా. దీనికి సరిపడా సెయ్యి. సరిపోకపోతే మళ్ళీ వత్తాను" అంది.

వైకుంఠరావు "ఊ" అన్నాడు. రెండేళ్ళలో ఆ ఇంటికి పనిగట్టుకుని వచ్చిన మనిషి ఆమె ఒక్కతే.

అతను వడ్రంగి కాదు. కొబ్బరితోట రైతు. రెండేళ్ళ కిందట భార్య ధనమ్మ పోయాక ఇంట్లో చప్పుడు లేకపోవడంతో ఉలి కొన్నాడు. ఉలి చప్పుడు చేస్తుంది, జవాబు అడగదు. అంతవరకు అతను చేసినవి రెండే, ఒక పీట, ఒక పప్పుగుత్తి. పీట కుంటిది. పప్పుగుత్తి తల ఊడి పప్పులో పడింది. పనస చెక్కతో చేసిన పిడులు మూడు పొయ్యిలోకి పోయాయి. నాలుగోది మట్టిముద్దలోని గుంటలకు వేలికి వేలు సరిపోయింది.

వార్నీసు డబ్బా తెరుస్తుంటే, కొబ్బరితాడు కోసం సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన జాలరి అప్పలరాజు ఆపాడు.

"వార్నీసేటి బావా! సెమటకి నాలుగు రోజుల్లో ఊడిపోద్ది. మా తెప్పకి జీడినూనె రాత్తాం. ఏడాది పొడుగునా ఉప్పునీట్లో నానినా సెక్క సెక్కనాగే ఉంటాది."

చెమటా ఉప్పునీరే కదా అనుకున్నాడు వైకుంఠరావు. జీడిపిక్క తొక్కలోంచి వచ్చే ఆ నూనె ఒంటిని కాలుస్తుందని తెలుసు. చేతులకు కొబ్బరినూనె పట్టించుకుని, పుల్లకి గుడ్డ చుట్టి, జాగ్రత్తగా రెండు పూతలు వేశాడు. ఆరితే ఏమీ చెయ్యదనుకున్నాడు. పిడి నల్లగా నిగనిగలాడింది. తెప్ప అడుగును ఎవరూ అరచేత్తో పట్టుకోరన్న సంగతి అతనికీ తట్టలేదు, అప్పలరాజుకీ తట్టలేదు.

పక్కింటి అసిరమ్మ గోడ మీదుగా చూసింది. "వైకుంఠం తుపాకీ సేత్తన్నాడర్రా!" అని వీధిలో వేసింది.

మధ్యాహ్నానికి పోస్టుమాస్టరు జగదీశ్వరరావు వచ్చాడు. ఉత్తరం లేకుండా ఆయన రావడం అదే మొదటిసారి.

"తుపాకీ ఏదయ్యా?"

"నేదు."

"మరి?"

"పిడే. ఆరనేదు."

"ఆరిపోయిందిలే" అంటూ పోస్టుమాస్టరు పిడి పట్టుకుని, ఒక కన్ను మూసి, ఎదురుగా కొబ్బరిగెలకు గురిపెట్టి నోటితో "ఠాప్" అన్నాడు. తర్వాత అటూ ఇటూ చూసి, "ఎవరితోనూ అనకేం. పోస్టాఫీసు మనిషిని" అన్నాడు.

సాయంత్రం తోటల ఆసామి మన్మథరావు వచ్చి అరడజను కాయలు కాల్చాడు. ఆయన తోట నుంచి కిందటివారమే రెండు బస్తాల జీడిపిక్కలు పోయాయి. ఆ కసంతా కొబ్బరికాయల మీద తీర్చుకున్నాడు. మంగళవారం సర్పంచి త్రినాథరావు పెరటిదారిన వచ్చాడు.

"ఆరనేదు" అన్నాడు వైకుంఠరావు.

"పట్టుకుంటే అరిగిపోద్దేటి? నాను పట్టుకున్నట్టు మాత్రం ఎవడికీ సెప్పకు. సర్పంచి తుపాకీ అట్టుకున్నాడని పేపర్లో ఏసేత్తారు" అని, దండెం మీది తువ్వాలును రెండుసార్లు కాల్చి కూర్చున్నాడు.

వైకుంఠరావు అటక మీంచి ధనమ్మ స్టీలు గ్లాసులు నాలుగూ దించాడు. రెండు రోజుల్లో పంచదార డబ్బా ఖాళీ అయింది. బుధవారం మళ్ళీ వస్తామన్నారు. అందుకని అతను పలాస ప్రయాణం మానుకున్నాడు. పిడిని కాగితంలో చుట్టి, బస్సు కండక్టరు లోకనాథానికిచ్చి, "లావణ్యకి" అన్నాడు. ఇంటికొచ్చి టీ పెట్టాడు. ఎవరూ రాలేదు.

రాకపోవడానికి కారణం శుక్రవారం పొద్దున్న తెలిసింది.

సర్పంచి మంగళవారమే దండోరా వేయించాడు. పలాస వ్యాపారులకు కబురు వెళ్ళింది కాబట్టి దొంగ ఆ పిక్కలను అమ్మలేడు, ఇంట్లోనే పగలగొట్టి పప్పు తీసుకుంటాడు. పచ్చిపిక్క కొడితే చేతులు బొబ్బలెక్కుతాయి. కాబట్టి శుక్రవారం ఊరంతా పంచాయతీ ఆఫీసు దగ్గరికి వచ్చి అరచేతులు చూపించాలి. ఉపాయం బాగానే ఉంది. బుధవారానికి సర్పంచి చెయ్యే బొబ్బలెక్కింది, దండోరా వెనక్కి తీసుకోవడానికి మాత్రం వీల్లేకపోయింది.

తోటపనికి పోయేవాళ్ళ చేతులు ముందు చూశారు. అవి చర్మం కాదు, తోలు. బొబ్బ అన్నది లేదు.

"అయిపోనాది, ఇళ్ళకెళ్ళండి" అన్నాడు సర్పంచి, కుడిచెయ్యి తువ్వాలు కింద పెట్టుకుని.

"ఓలప్పా, అప్పుడేనేటి! పెద్దోల సేతులు సూడొద్దా? ఆలకి సేతులు నేవేటి?" అంది అసిరమ్మ. "ఏటి పోస్టుమాస్టరు బాబూ, ఆ రుమాలేటి?"

"ముద్రలు కొట్టి కొట్టి వాచింది."

"ముద్దర కొడితే బొబ్బలెక్కుతాయేటి?"

రుమాలు ఊడింది. పక్కనే మన్మథరావు, "నాది ఏడన్నం కలిపితే కాలింది" అన్నాడు, ఎవరూ అడగకుండానే.

"తన పిక్కలు తనే ఎత్తుకుపోనాడర్రా!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. ఆ నవ్వుల్లో సర్పంచి తువ్వాలు కూడా జారిపోయింది. మూడు అరచేతులు ఎర్రగా, బొబ్బలతో బయటపడ్డాయి.

చూపించనివాడు వైకుంఠరావు ఒక్కడే మిగిలాడు. చాచాడు. మచ్చ లేదు.

"పెద్దోల్లలో మచ్చనేని సెయ్యి ఇదొక్కటే" అంది అసిరమ్మ. "నువ్వే సెప్పు వైకుంఠం, దొంగెవడో."

వైకుంఠరావు దొంగ గురించి ఆలోచించడం లేదు. మూడు చేతుల మీదా బొబ్బలు ఒక్కచోటే ఉన్నాయి. బొటనవేలి మొదట్లో, వేళ్ళ లోపలివైపు. పిడి కూర్చునే చోటు అది. దాన్ని బుధవారమే పలాస పంపేశాడు. పోటీ ఎల్లుండి.

నిలబడ్డాడు.

"దొంగ కాదు. నానే. పిడికి జీడినూనె రాసినాను. ఆరనేదని సెప్పినాను. ఈల్లు ముగ్గురూ అట్టుకున్నారు. బస్సెన్నింటికి?"

రెండేళ్ళలో అతను మాట్లాడిన అతి పెద్ద మాట అదే.

"తుపాకీ నేని పిడట్టుకుని ఏటి కాల్సినావు సర్పంచి బావా?" అని ఒకడు. "పిట్టనా, గాలినా?" అని ఇంకొకడు. త్రినాథరావు మొహం చేతికన్నా ఎర్రబడింది. "నీ అరుగు తొక్కితే ఒట్టు!" అన్నాడు వైకుంఠరావుతో. మిగతా ఇద్దరూ అదే ఒట్టు పెట్టుకున్నారు.

బస్సులో లోకనాథం ఎడమచేత్తో టికెట్టు చింపుతున్నాడు. కుడిచేతికి గుడ్డ ఉంది.

వైకుంఠరావు తనంతట తాను అడిగాడు. "సెయ్యేటైనాది?"

"ఏటో మావా. నువ్విచ్చిన పొట్లం ఒక్కపాలి ఇప్పి సూసాను, అంతే."

ఆ తర్వాత పలాస వరకు వైకుంఠరావు కిటికీలోంచి కూడా చూడలేదు.

తలుపు తీసింది లావణ్యే. అతను గుమ్మంలోనే ఆమె కుడిచెయ్యి లాక్కుని తిప్పి చూశాడు.

"ఏటి మావయ్యా, జాతకం సూత్తన్నావా?"

అరచెయ్యి తెల్లగా ఉంది.

అతని చెల్లెలు సన్యాసమ్మ లోపల్నుంచి వచ్చింది. పద్దెనిమిదేళ్ళుగా జీడి ఫ్యాక్టరీలో పిక్క కొడుతున్న మనిషి. "పొట్లం ఇప్పకముందే వాసనట్టీసాను అన్నియ్యా. మన గుంటని ముట్టుకోనిస్తానేటి? కిరసనాయిలుతో కడిగి, గీకి, రెండ్రోజులు బూడిదలో కప్పెట్టినాను" అంది. బూడిదలోంచి పిడి తీసి, తుడిచి, ముందు తను గట్టిగా పట్టుకుని చూసి, తర్వాత కూతురికిచ్చింది.

లావణ్య చెయ్యి చాచి, ఒక కన్ను మూసింది. మణికట్టు కదల్లేదు.

"అచ్చు నా సెయ్యే మావయ్యా! ఎక్కడా ఇసుమంత తేడా నేదు. మళ్ళీ వచ్చి నిన్ను యిసిగించక్కర్నేదు."

"ఊ" అన్నాడు.

"అయినా నువ్వే తెత్తానన్నావు కదా. కండక్టరుకిచ్చి పంపేసావేటి?"

"ఇంటికి మనుసులొత్తన్నారు" అన్నాడు వైకుంఠరావు.

సన్యాసమ్మ అన్న మొహం కేసి కాసేపు చూసింది. భోజనాల దగ్గర అతని కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది.

సాయంత్రం బస్సుకి ఊరొచ్చేశాడు. జీడిపిక్కల దొంగ మాట ఊళ్ళో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే చేతులు చూపించాలి.

మర్నాడు పొద్దున్న వైకుంఠరావు అరుగు తుడిచాడు. కొత్త పనస చెక్క తీసి, ఎవరి కొలతా లేకుండా ఒక పిడి గీత గీసి, కనబడేలా పెట్టాడు. పక్కన, వచ్చినవాళ్ళ చేతులకని, కొబ్బరినూనె గిన్నె పెట్టాడు. నాలుగు గ్లాసుల్లో టీ పోసి, వరసగా పేర్చి, తొమ్మిదింటి దాకా కూర్చున్నాడు.

తర్వాత చల్లారిన టీ నాలుగు గ్లాసులూ, వరస తప్పకుండా, తనే తాగాడు.