ఆరు టైంపీసుల మంచు

తనంతట తాను పనిచేసే యంత్రమంత మంచిది లోకంలో మరొకటి లేదు! అలాంటిది ఇంట్లో ఒక్కటుంటే చాలు, ఇల్లాలు పొద్దున్న లేచింది మొదలు కుదురుగా ఒకచోట కూర్చోదు. యంత్రాలొస్తే మనుషులు సోమరులైపోతారని బెంగపడే పెద్దలు లక్ష్మీకామేశ్వరిగారిని ఒక్కసారి చూసి ఉంటే ఆ బెంగ అక్కడితో తీరిపోయేది.

ఆవిడ భర్త భావనారాయణగారు విజయనగరంలో బోటనీ లెక్చరరు. కాపురం మాత్రం రైల్లో మూడు స్టేషన్ల అవతల. ఆ ఊరి పేరు రాయడం లేదు. రాస్తే అక్కడి కొళాయిలు నొచ్చుకుంటాయి.

అరవై ఎనిమిది జనవరిలో ఆయన విద్యార్థుల్ని వెంటబెట్టుకుని అనంతగిరి కొండలెక్కారు. దిగేటప్పుడు తడిగోనెలో నాలుగు ఫెర్న్ మొక్కలూ, ఇంత నాచూ చుట్టి తెచ్చారు. మూతపడిన మిఠాయి కొట్టు నుంచి అద్దాల పెట్టె ఒకటి సంపాదించి, అడుగున ఇసుకా బొగ్గూ మట్టీ పరిచి, వాటిని నాటి, వసారాలో బల్లమీద పెట్టారు. "దీన్ని టెర్రేరియం అంటారు" అని ఇంట్లోవాళ్లకి చెప్పారు.

గిన్నెలు తోమే దాలమ్మకి ఆ మాట "తెర్రేలమ్మ" అని వినబడింది. కొండమీంచి దిగొచ్చిన తల్లి కదా అని, మర్నాడే పెట్టెకి పసుపు రాసి బొట్టు పెట్టింది.

కామేశ్వరిగారికి ఆ మొక్కలంటే ముచ్చట. వంట మధ్యలో వచ్చి, చెంబులో వేళ్లు ముంచి, రోజుకి నాలుగైదుసార్లు చిలకరించేవారు. నత్తగుల్లలా చుట్టుకున్న లేత చిగురు రోజుకింత చొప్పున విప్పుకుంటుంటే అలాగే నిలబడి చూసేవారు. ఆ చూపులో పడి పులుసు పొంగి పొయ్యిలో పడిన రోజులు కూడా ఉన్నాయి.

ఇక్కడే సైన్సుకి కోపం వచ్చింది.

"చేత్తో చల్లితే పడేవి చినుకులు కామేశ్వరీ! వీటికి కావలసింది మంచు. అదీ వేళ ప్రకారం పడాలి. మనిషి చేతికి వేళాపాళా ఉంటుందా?" అన్నారు భావనారాయణగారు.

ఏప్రిల్ వచ్చేసరికి ఆటోమేటిక్ యంత్రం సిద్ధమైంది. డాబా మీద కిరసనాయిలు డబ్బా. అందులోంచి కిందికి రబ్బరు గొట్టం. గొట్టం చివర దోమల మందు కొట్టే పంపు మూతి. గొట్టాన్ని నొక్కిపట్టి ఉంచడానికి బట్టల క్లిప్పు. అలారం మోగినప్పుడు టైంపీసు వెనకనున్న కీ గిర్రున తిరుగుతుంది కదా! దానికి కట్టిన దారం క్లిప్పుని లాగేస్తుంది. మంచు కురుస్తుంది! ఒక టైంపీసు పగలంతా కలిపి ఒక్కసారే మోగుతుంది కనుక, ఇరుగూ పొరుగూ అందర్నీ అడిగి ఆరు పోగుచేశారు. పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం నాలుగు దాకా, రెండేసి గంటలకోసారి మంచు.

తెరవడం ఆటోమేటిక్. మరి మూయడం? ఆ చిన్న సంగతి ఆయనకి తట్టలేదు. పొద్దున్న ఏడున్నర రైలుకి వెళ్లి సాయంత్రం రైలుకి వచ్చే మనిషికి తట్టాల్సిన అవసరం మాత్రం ఏముంది? గంట మోగగానే కామేశ్వరిగారు పరుగెత్తుకొచ్చి, ఇరవై లెక్కపెట్టి, క్లిప్పు మళ్లీ పెట్టేవారు. ఓ నిమిషం ఆలస్యమైతే ఫెర్నులు ఈతకొట్టేవి.

ఆరు టైంపీసులకి కీలు ఆరు కాదు, పన్నెండు! గడియారానికొకటి, గంటకొకటి. అన్నిటికీ రోజూ కీ ఇవ్వాలి. నలుసు పడితే పంపు మూతి పూడుకుపోతుంది కనుక నీళ్లు పాత పంచెలో వడకట్టాలి. వడకట్టిన నీళ్లు మెట్లెక్కి డబ్బాలో పొయ్యాలి. ఇదివరకు నాలుగు వేళ్లూ ఒక చెంబూ చేసిన పనికి ఇంత వైభవం ఎప్పుడైనా ఉండేదా?

"ఏటమ్మా ఇది? రోజుకి ఆరు గంటలు, ఆరు తానాలు! మా ఊరి అమ్మోరికి ఏడాదికి ఓపాలే" అని దాలమ్మ బుగ్గలు నొక్కుకుంది.

మే నెలలో వీధి కొళాయికి దగ్గు పట్టుకుంది. ఒకరోజు తెల్లారి వచ్చేది, ఒకరోజు మిట్టమధ్యాహ్నం. కొన్నాళ్లు గాలి మాత్రమే వచ్చేది. వీధిలో ఆడవాళ్లు బిందెలు వరసలో పెట్టి, వాటి పక్కనే కూరలు తరుక్కునేవారు. కామేశ్వరిగారికి రెండు బిందెలు దొరికితే ఒకటి వంటింటికీ, ఒకటి డాబా మీదికీ వెళ్లేది. ఒక్కటే దొరికిన రోజున ముందు గంట ఎక్కడ మోగితే అక్కడికి. వంటింట్లో గంట లేదు కదా!

అలా ఉండగా ఒకరోజు క్లిప్పు పెడుతూ ఆవిడ పెట్టెలోకి చూశారు. మూలనున్న ఫెర్ను జానెడు ఆకు విప్పుకుని ఉంది. ఎప్పుడు విప్పుకుందో ఆవిడకి తెలియదు. నెలరోజులుగా ఆవిడ చూసింది టైంపీసుల ముళ్లనే. ఆ పూట అన్నం సయించలేదు.

యంత్రం సంగతి పంచాయతీ ప్రెసిడెంటు నరసింగరావుగారి దాకా వెళ్లింది. ఆదివారం నాలుగింటికి, మరో సభలో వేసిన పూలదండ మెళ్లో ఉండగానే వచ్చారు. గంట మోగింది, మంచు కురిసింది. ఆయన పావుగంటసేపు సైన్సు గురించి ఉపన్యసించి, చెమట తుడుచుకుని, "కాసిన్ని మంచినీళ్లు ఇప్పించు తల్లీ" అన్నారు.

"నీళ్లు లేవండి" అన్నారు కామేశ్వరిగారు. "తమరొస్తున్నారని ఉన్న బిందెడూ డబ్బాలో పోసేశాను."

"మరెలాగమ్మా?"

"మళ్లీ మంచు రేపు పొద్దున్న ఆరింటికండి. అద్దం తలుపు తీసి ఉంచుతాను. తమరు లోపల తలపెట్టి, నోరు తెరుచుకుని కూర్చుంటే సరి. అంతా ఆటోమేటిక్."

భావనారాయణగారు వసారా దూలాలు లెక్కపెట్టడం మొదలెట్టారు. నరసింగరావుగారు మాత్రం పెద్దమనిషి. గట్టిగా నవ్వేసి, "కొళాయి రావటం నేదేటి?" అన్నారు.

"ఎప్పుడొస్తుందో తెలియడం లేదండి. దానికీ ఇలాగే ఒక వేళంటూ ఏర్పాటు చేయించండి."

"అదెంత పని తల్లీ! వారం తిరిగీలోగా సేయించేత్తాను."

ఆయన అటు వెళ్లగానే కామేశ్వరిగారు దారాలు విప్పి, టైంపీసులు ఎవరివి వాళ్లకి పంపేశారు. భర్త ఆవిడ ముఖం చూసి, పేపరు తీసుకున్నారు. మర్నాటి నుంచి బియ్యం కడిగిన నీళ్లతో ఫెర్నులకి మళ్లీ చేతి చినుకులే పడ్డాయి. అవి సైన్సుకి విరుద్ధంగా పచ్చగానే ఉన్నాయి.

నరసింగరావుగారు మాట తప్పలేదు! వారం తిరక్కుండా వీధి కొళాయి నెత్తిమీద ఇనప చువ్వల పెట్టె బిగించి, అందులో కొత్త టైంపీసు పెట్టించారు. ప్రారంభోత్సవానికి వీధి వీధంతా బిందెలతో వచ్చింది. సరిగ్గా ఆరింటికి గంట మోగింది. ప్రెసిడెంటుగారు కొళాయి తిప్పారు. అది బుస్సుమంది. జనం అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టారు.

"ఇదివరకు ఎప్పుడు రావో తెలిసీది కాదు. ఇప్పుడు ఆరింటికి టంచనుగా రావు" అంది దాలమ్మ, ఖాళీ బిందె చంకకెత్తుకుంటూ.

అప్పుడు ప్రెసిడెంటుగారు టైంపీసు పెట్టె తాళంచెవి తీసి, రెండు చేతులా కామేశ్వరిగారికి అందించారు.

"తమకి అనుభవం ఉంది కదా తల్లీ. రోజూ దీనికి కీ ఇచ్చీ బాధ్యత తమది."

ఆవిడ తాళంచెవి అందుకున్నారు. తలెత్తి ఎండిన కొళాయినీ, వెనకనున్న బిందెల వరసనీ చూశారు.

"కీ మేమిస్తాం బాబూ" అన్నారు. "నీళ్లు మీరివ్వండి."