అల్లుడిగారి కిటికీ సీటు

ఆ మంగళవారం ఉదయానికి తేజేశ్వర్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఏడు దాటగానే వచ్చే రైలెక్కాలి, దారిలో స్లైడ్లు మరోసారి చూసుకోవాలి, తొమ్మిదిన్నరకి షికాగో ఆఫీసులో క్లయింట్ ముందు నిలబడి ప్రాజెక్టును ఇంకో ఏడాది పొడిగించేలా ఒప్పించాలి. ఒప్పుకుంటే ఉద్యోగం ఉంటుంది, ఉద్యోగం ఉంటే వీసా ఉంటుంది, వీసా ఉంటే షికాగో శివారు నేపర్‌విల్‌లో కొత్తగా కొన్న ఇల్లు ఉంటుంది. ఒప్పుకోకపోతే ఏమవుతుందో ఆలోచించే ధైర్యం లేక అతను నెల రోజులుగా స్లైడ్లకి రంగులు మారుస్తున్నాడు.

ఈ ప్రణాళికలో అతని మామగారు బ్రహ్మయ్యగారికి ఒక ముఖ్యమైన పాత్ర ఉంది. ఆయనా, అత్తగారు లీలావతీ తెనాలి నుంచి వచ్చి రెండు నెలలైంది. మొదటి నెలంతా ఆయనకి ఏం చెయ్యాలో తోచలేదు. గడ్డి కోద్దామంటే దానికి వేరే మనిషి వస్తాడు. గిన్నెలు సర్దుదామంటే కూతురు ఒప్పుకోదు. ఆఖరికి బట్టలు ఉతికే మెషీన్ ముందు కుర్చీ వేసుకుని అది తిరగడం చూస్తూ కూర్చునేవారు.

"నాన్న సరిగ్గా అన్నం కూడా తినట్లేదు తేజా. ఏదో ఒక పని చెప్పు ఆయనకి, ప్లీజ్," అంది ఉమ. ఆమె ఆస్పత్రిలో ఫార్మసిస్టు. ఊరందరికీ మందులిచ్చి ఇంటికొచ్చి తండ్రికి ఏం మందివ్వాలో తెలియక బెంగపడేది.

తేజేశ్వర్‌కి అప్పటికే ఆఫీసు తలనొప్పి ఉండనే ఉంది. గోరుచుట్టుపై రోకటిపోటన్నట్టు ఇదొకటి. ఒకరోజు భోజనాల దగ్గర మాటవరసకి, "రైల్లో రోజూ నిలబడే వెళ్తున్నానండీ మావయ్యా, మన స్టేషన్‌లో నేనెక్కేసరికే నిండిపోతుంది," అన్నాడు. బ్రహ్మయ్యగారు ముద్ద ఆపి అల్లుడి వైపు చూశారు. ముప్పై ఏళ్లు తెనాలి నుంచి గుంటూరుకి పాసింజర్ బండిలో ఉద్యోగానికి వెళ్లొచ్చిన మనిషి ఆయన. బండి ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టడంలో ఆ లైన్లో ఆయన్ని మించినవాళ్లు లేరు.

"నిలబడతావా? నేనుండగానా!" అన్నారు.

మర్నాటి నుంచి ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, అల్లుడి లాప్‌టాప్ బ్యాగు భుజానికి తగిలించుకుని, తువ్వాలుతో ముందుగా స్టేషన్‌కి నడిచి వెళ్లేవారు. ఇక్కడి రైలు కిటికీలు తెరుచుకోవని తెలిసి మొదట నొచ్చుకున్నా, తలుపు ఎక్కడ ఆగుతుందో కనిపెట్టి అందరికన్నా ముందు ఎక్కడం మొదలుపెట్టారు. కిటికీ పక్క తువ్వాలు పరిచేవారు, దాని మీద బ్యాగు పెట్టేవారు. ఫోన్ చెవికి ఆనించుకుని అల్లుడు పరిగెత్తుకొచ్చాక సీటు అప్పగించి, "జాగ్రత్త బాబూ," అని దిగిపోయేవారు. వారం తిరిగేసరికి ఆయన రెండోసారి కూర వడ్డించుకోవడం మొదలుపెట్టారు. ఉమ మొహం కూడా తేటపడింది.

ఆ మంగళవారం తేజేశ్వర్ ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి రైలు ఆగే ఉంది. అప్పుడే మేనేజర్ జగదీష్ ఫోన్ చేశాడు.

"తేజ్, నలభై ఒకటో స్లైడ్‌లో బాణం ఎడమ వైపుకి ఉందేంటి? మన లాభాలు వెనక్కి పోతున్నట్టుంది!"

తేజేశ్వర్ ఆగి బాణం గురించి ఆలోచించాడు. తలుపులు మూసుకున్నాయి. తలెత్తి చూసేసరికి కిటికీ అద్దం వెనక బ్రహ్మయ్యగారు "రా, రా" అని చెయ్యి ఊపుతూ కదిలిపోతున్నారు. ఆఫీసుకి వెళ్లాల్సినవాడు స్టేషన్‌లో ఉన్నాడు. ఇంటికి వెళ్లాల్సినవారు లాప్‌టాప్‌తో సహా షికాగో వెళ్తున్నారు.

ఫోన్ చేద్దామంటే, డ్యూటీలో ఫోనెందుకని ఆయన దాన్ని ఇంట్లోనే వదిలేస్తారు. తేజేశ్వర్ రైల్వే వాళ్ల నంబర్‌కి కాల్ చేసి విషయం చెప్పాడు. అవతలి ఆవిడ ఓపిగ్గా గుర్తులు అడిగింది.

"తెల్లజుట్టు, బూడిదరంగు స్వెట్టరు. పక్కన తువ్వాలు పరిచి ఉంటుంది."

"తువ్వాలా? ఆయన ఈతకి వెళ్తున్నారా?"

"కాదండీ, సీటు కాస్తున్నారు."

ఆవిడ అదీ రాసుకుంది. తర్వాత, కనుక్కుని ఫోన్ చేస్తాం, నంబర్ ఇమ్మంది. తన ఫోన్‌కి జగదీష్ క్షణం తీరిక ఇవ్వడు కాబట్టి తేజేశ్వర్ తెలివిగా ఉమ నంబర్ ఇచ్చాడు. ఉమ డ్యూటీలో ఉన్నంతసేపు ఫోన్ లాకర్లో ఉంటుందన్న సంగతి ఆ తెలివికి తట్టలేదు.

తర్వాతి రైలు నిండుగా వచ్చింది. సీటు కాసేవాళ్లు లేక నిలబడ్డాడు. కొంతదూరం పోయాక లీలావతి ఫోన్ చేసింది.

"ఏం బాబూ, మీ మావయ్యగారు ఇంకా ఇంటికి రాలేదు. ఉప్మా చల్లారిపోతోంది."

నిజం చెబితే ఆవిడ గాభరా పడుతుంది. "ఆయన నాతోనే ఉన్నారత్తయ్యా. ఆఫీసు చూపిద్దామని తీసుకెళ్తున్నా."

"అయ్యో, బీపీ మాత్ర వేసుకోలేదే! ఒకసారి ఫోనివ్వు ఆయనకి."

మాత్ర సంగతి తేజేశ్వర్‌కి తెలియదు. "ఆయన... నిద్రపోతున్నారండీ."

"సీటు దగ్గర నిద్రా? ఆయనా?" అంది లీలావతి. నలభై ఏళ్ల కాపురంలో అలాంటిది ఆవిడ ఎరగదు. అల్లుడు అబద్ధమాడుతున్నాడంటే కబురు ఎంత చెడ్డదో ఊహించుకుని, ఉమకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. వెంటనే టెక్సాస్‌లోని కాపెల్‌లో ఉన్న తన చెల్లెలి కొడుకు రుత్విక్‌కి చేసి, పెదనాన్న బావగారి బ్యాగు పట్టుకుని రైలెక్కి కనబడకుండా పోయారని ఏడ్చింది.

షికాగోలో ఆ రైలు వచ్చిన ప్లాట్‌ఫారం ఖాళీగా ఉంది. రైలు తిరిగి వెళ్లిపోయిందని చెప్పారు. తేజేశ్వర్ స్టేషనంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. కాఫీ కొట్టులో అడిగాడు, పోలీసునడిగాడు, బెంచీ మీద తెల్లజుట్టు కనిపించిన ప్రతి పెద్దాయన మొహంలోకీ తొంగిచూశాడు. మాత్ర వేసుకోని మనిషి, జేబులో డబ్బు లేని మనిషి, ఇంత పెద్ద ఊళ్లో ఏ మూల కూర్చుని తనకోసం చూస్తున్నారో అనుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"క్లయింట్ వచ్చేసింది తేజ్! పది నిమిషాలు మాట్లాడి వెళ్లిపో, తర్వాత నేనూ వచ్చి వెతుకుతా," అని జగదీష్ ఫోన్లో బతిమాలాడు.

తేజేశ్వర్ వెళ్లాడు. ఐడీ కార్డు కూడా బ్యాగులోనే ఉండిపోవడంతో జగదీష్ కిందికి దిగొచ్చి, ఇతను మావాడేనని సెక్యూరిటీకి పూచీ ఇచ్చి పైకి లాక్కెళ్లాడు. గదిలో డయాన్ అనే పెద్దావిడ కూర్చుని ఉంది. ఈ ప్రాజెక్టు ఉండటం, పోవడం ఆవిడ చేతిలోనే ఉంది. జగదీష్ లాప్‌టాప్‌లో మొదటి స్లైడ్ తెరుచుకుంది. తేజేశ్వర్ నోరు తెరిచాడు. జేబులో ఫోన్ మోగింది. స్టేషన్ పోలీసులేమోనని ఎత్తాడు.

"బావా!" రుత్విక్ గొంతు గదంతా వినపడింది. "పెదనాన్నని బ్యాగు దొంగతనం కేసులో అరెస్ట్ చేశారంట కదా? లాయర్‌ని మాట్లాడమంటావా?"

తేజేశ్వర్ ఫోన్ కిందికి దించాడు. నెల రోజులుగా బట్టీపట్టిన మాట ఒక్కటీ గుర్తుకు రాలేదు. "క్షమించండి," అన్నాడు డయాన్‌తో. "మా మామగారు తప్పిపోయారు. నాకు సీటు పట్టడానికి రైలెక్కి, నావల్లే దిగలేకపోయారు. నేను వెళ్లాలి. మీరు ప్రాజెక్టు ఇవ్వకపోయినా సరే." జగదీష్ ఆ చివరి వాక్యం తనకి వినపడనట్టు గోడవైపు తిరిగాడు.

తలుపు దగ్గరికి వెళ్తుండగా ఫోన్ మళ్లీ మోగింది. అత్తగారి నంబరు. కానీ గొంతు ఆవిడది కాదు.

"ఎక్కడున్నావు బాబూ?"

"మావయ్యా! మాత్ర వేసుకున్నారా?"

"ఇప్పుడే మీ అత్తయ్య వేయించింది. షికాగో దాకా చూశాను, నువ్వు రాలేదు. రైల్లోనే ఎక్కడో ఫోన్లో మాట్లాడుతున్నావనుకున్నా. బ్యాగు ఇక్కడుంది కాబట్టి ఎప్పటికైనా వస్తావు కదాని కదల్లేదు. ఇంతలో ఎవరో కబురు చేశారంట, టికెట్లు చూసే అమ్మాయి వచ్చి దిగొద్దంది. అదే రైల్లో తెచ్చి మన ఊళ్లో దింపింది. రానూ పోనూ నీ సీట్లో ఎవ్వణ్ణీ కూర్చోనివ్వలేదు."

తేజేశ్వర్ నవ్వుతూ ఏడ్చాడు. ఏమన్నారని డయాన్ అడిగితే జగదీష్ ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"కూర్చోండి ఇద్దరూ," అంది. "పొడిగింపు మీద శుక్రవారమే సంతకం చేసి జగదీష్‌కి మెయిల్ పంపాను. ఇవాళ ఊరికే హలో చెప్పిపోదామని వచ్చాను. చూళ్లేదా?"

బాణాలు దిద్దడంలో మునిగిపోయి నాలుగు రోజులుగా మెయిల్ చూడని జగదీష్ గబగబా ఫోన్ తీసి వెతుక్కున్నాడు. "ఇంట్లో పెద్దవాళ్లున్నన్నాళ్లు ఇతన్ని ఇంటినుంచే పని చెయ్యనివ్వండి. ఆ పెద్దాయనకి ఈ తిప్పలెందుకు?" అని డయాన్ అంటే, అతను అవసరానికి మించి తల ఊపాడు.

ఆ సాయంత్రం ఇల్లు పండగలా ఉంది. లీలావతి సేమ్యా పాయసం చేసింది. లాకర్లోంచి తీసిన ఫోన్లో రైల్వే వాళ్ల సందేశం నాలుగోసారి వింటూ, ఒక పక్క మొగుణ్ణి తిడుతూ, ఇంకో పక్క నవ్వుతూ ఉమ గిన్నెలందిస్తోంది. ప్రాజెక్టు నిలిచిందనీ, ఇక రైలు బాధ తప్పిందనీ తేజేశ్వర్ అందరికీ చెప్పాడు.

"అయితే రేపట్నించి స్టేషన్‌కి వెళ్లక్కర్లేదా?" అన్నారు బ్రహ్మయ్యగారు.

"అక్కర్లేదు మావయ్యా, మీరు హాయిగా రెస్ట్ తీసుకోండి!"

ఆయన పాయసం గిన్నె పక్కన పెట్టి, లేచి వెళ్లి బట్టలు ఉతికే మెషీన్ ముందు కుర్చీ వేసుకున్నారు. ఉద్యోగం పోతుందేమోనని ఆ ఇంట్లో నెల రోజులుగా భయపడింది తేజేశ్వర్ అయితే, పోయింది మాత్రం బ్రహ్మయ్యగారిది.