పుస్తకం అప్పగించని ఆటగాడు

భవిష్యత్తును ముందే కనిపెట్టే విద్యలో మా అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌కు సాటి వచ్చే సంస్థ భూమ్మీద మరొకటి లేదు. ప్రతి ఏప్రిల్‌లో, మూడు రోజుల పాటు, ఏడు విడతల్లో, దేశంలోని కాలేజీ ఆటగాళ్లలో ఎవరెవరు గొప్పవాళ్లు కాబోతున్నారో పేరు పేరునా ప్రకటిస్తారు. జట్లు ఆటగాళ్లను ఎంచుకునే ఈ తంతును డ్రాఫ్ట్ అంటారు. ప్రకటించినవాళ్లు గొప్పవాళ్లు కాకపోతే అది వాళ్ల తప్పు. ప్రకటించనివాళ్లు గొప్పవాళ్లయితే అది కూడా వాళ్ల తప్పే.

రూఫస్ బెల్ ఈ రెండో రకం తప్పు చేశాడు.

సరస్సు ఒడ్డున ఉన్న మా హ్యామర్స్ జట్టులో ముందుచూపు విభాగం అని ఒకటుంది. దాని అధిపతి హార్లన్ ప్రిచర్డ్. ఆయన కింద పద్నాలుగు మంది, వాళ్ల చేతుల్లో పద్నాలుగు కొలత టేపులు. ఆటగాడి ఎత్తు, బరువు, చేతి పొడవు, అరచేతి వెడల్పు, నలభై గజాలు పరిగెత్తడానికి పట్టే కాలం, అన్నీ కొలుస్తారు. (ఆట కూడా చూస్తారట, తీరిక దొరికితే.) అవతలి జట్టులో బంతి అందుకునేవాడి వెంటపడి, బంతి అతనికి చేరకుండా చూడటం రూఫస్ పని. అతను నలభై గజాలు పరిగెత్తడానికి 4.68 సెకన్లు తీసుకున్నాడు. ఆ పనికి ఆ పరుగు చాలదు. అరచెయ్యి కూడా అంగుళంలో ఎనిమిదో వంతు తక్కువ పడింది. అతని కాగితం మీద విభాగం ఒక్కటే మాట రాసింది: "ఇమడడు."

డ్రాఫ్ట్ జరిగిన మూడు రోజులూ రూఫస్, వాళ్లమ్మ లొరెట్టా సోఫాలోంచి లేవకుండా టీవీ చూశారు. రెండు వందల యాభై పైచిలుకు పేర్లు చదివారు. అయిపోయింది. టీవీ కట్టేసిన పది నిమిషాలకు ఫోన్ మోగింది.

"అమ్మా, హ్యామర్స్ వాళ్లు. శిక్షణకు రమ్మంటున్నారు."

"ఎంచుకోలేదు కదరా?"

"ఎంచుకోలేదు. రమ్మంటున్నారు."

"విందుకు పిలవలేదు గానీ గిన్నెలు కడగడానికి రమ్మన్నట్టుంది," అంది లొరెట్టా. అంటూనే లేచి అతని బట్టలు సర్దింది.

శిక్షణకు వచ్చేది తొంభై మంది. ఆగస్టు చివరి మంగళవారం సాయంత్రం నాలుగింటికి మిగలాల్సింది యాభై ముగ్గురు. డ్రాఫ్ట్‌లో వచ్చినవాళ్లకు గోడవారన చెక్క బీరువాలు ఇచ్చారు, వాటి మీద ఇత్తడి పలకలు, పలకల మీద పేర్లు. రూఫస్‌కు గది నడుమ చక్రాల మీద నిలబెట్టిన ఇనప అర ఇచ్చారు. చొక్కా మీద 47 అంకె ఇచ్చారు, అదే అంకెను బంతి తన్నే మరో కుర్రాడికి కూడా ఇచ్చారు. హెల్మెట్ మీద అతని పేరు తెల్ల టేపు ముక్క మీద రాసి అంటించారు. (పెయింటు ఆరడానికి రెండు రోజులు పడుతుంది. అన్ని రోజులు ఉంటాడన్న హామీ ఎవరిస్తారు?)

ఒకటి మాత్రం అందరికీ సమానంగా ఇచ్చారు. అది ఆటల పుస్తకం. నాలుగు వందల పేజీలు, నల్ల అట్ట, లోపల జట్టు ఎత్తుగడలన్నీ గీసి ఉంటాయి. అట్ట మీద "హ్యామర్స్ ఆస్తి. దొరికినవారు ఈ చిరునామాకు పంపవలెను" అని ముద్ర ఉంటుంది.

ఈ పుస్తకానికీ గ్లెన్ గారికీ విడదీయరాని సంబంధం ఉంది. గ్లెన్ గారు ఇరవై రెండేళ్లుగా జట్టులో ఒకే ఉద్యోగం చేస్తున్నారు. పొద్దున్నే ఆటగాళ్ల గది తలుపు మెత్తగా రెండుసార్లు తట్టి, "కోచ్ గారు రమ్మంటున్నారు బాబూ. పుస్తకం తెచ్చుకో," అంటారు. పుస్తకం మాట ఎత్తకపోతే కోచ్ నిజంగానే మాట్లాడటానికి పిలిచాడని అర్థం. పుస్తకం తెచ్చుకోమంటే ఇంటికి వెళ్లిపోవడమే. ఇంతకన్నా మర్యాదగా మనిషిని పంపించే పద్ధతి ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

రూఫస్ గదిలో ఉండే రెండోవాడు బడ్ కోవాల్. మూడు వందల ఇరవై పౌండ్ల మనిషి, ఇతన్నీ ఎవరూ ఎంచుకోలేదు. పుస్తకం తలకింద పెట్టుకుని పడుకునేవాడు.

"దిండు లేదా ఏంట్రా?" అని రూఫస్ అడిగాడు.

"ఉంది. పుస్తకం కావాలంటే నా తలతో సహా పట్టుకెళ్లాలి. ఈ తల మొయ్యడం గ్లెన్ గారి వల్ల కాదులే."

ఆగస్టు చివరి మంగళవారానికి రెండు రోజుల ముందు కుటుంబాలు వచ్చి చూసే రోజు ఒకటి పెట్టారు. లొరెట్టా మూడు గంటలు కారు నడుపుకుంటూ పీచ్ పండ్లు కూరి కాల్చిన ‘పై’ అనే తీపి వంటకం తెచ్చింది. బడ్ దాంట్లో ముప్పాతిక తిన్నాడు. వెళ్లేటప్పుడు ఆమె గదంతా కలియజూసి, మంచం కింద ఉన్న సంచీ బయటికి లాగింది. అందులో రూఫస్ వసంతంలో తెచ్చుకున్న చలికోటు ఉంది.

"ఈ ఎండల్లో కోటెందుకురా ఇక్కడ? చలికాలం వచ్చాక పంపిస్తాలే," అని సంచీ ఎత్తుకుపోయింది. ఎవరి కంటా పడకుండా దాచాలని ఆ పొద్దున్నే రూఫస్ తన పుస్తకాన్ని కోటు మడతల్లో పెట్టాడు. ఆ సంగతి అతనికి అప్పుడు గుర్తు రాలేదు. ఆ తర్వాత, గుర్తు రావాల్సిన రోజున కూడా గుర్తు రాలేదు.

ఆ రోజు ఆగస్టు చివరి మంగళవారం. పొద్దున్న తలుపు మెత్తగా రెండుసార్లు మోగింది.

"రూఫస్ బాబూ, కోచ్ గారు రమ్మంటున్నారు. పుస్తకం తెచ్చుకో."

రూఫస్ లేచి పుస్తకం కోసం వెతికాడు. మంచం కింద చూశాడు, పరుపు కింద చూశాడు, చక్రాల అరలో చూశాడు. బడ్‌ను అటూ ఇటూ దొర్లించి అతని కింద కూడా చూశాడు. లేదు.

గ్లెన్ గారు జేబులోంచి ఒక కాగితం తీశారు. ఆటగాణ్ని పంపించే కాగితం అది, దాన్లో ఎనిమిది గడులున్నాయి. హెల్మెట్, బూట్లు, తువ్వాళ్లు రెండు, గది తాళం... ఆరు గడుల్లో టిక్కు పెట్టి ఏడో గడి దగ్గర ఆగిపోయారు.

"ఏడో గడి పుస్తకం బాబూ. ఏడోది నిండకుండా ఎనిమిదో దానికి వెళ్లకూడదు."

"ఎనిమిదోది ఏంటండీ?"

"నువ్వు వెళ్లిపోవడం."

ఆఫీసులో సమావేశం పెట్టారు. పుస్తకం లేకుండా ఆటగాణ్ని పంపిస్తే జట్టు ఎత్తుగడలు బయటికి పోతాయి, కాబట్టి పంపకూడదు. అతను ఉంటే లెక్క యాభై నాలుగు అవుతుంది, కాబట్టి ఉంచకూడదు. మధ్యాహ్నం మూడున్నరకు చిక్కు విడిపోయింది. రూఫస్ బదులు మరొకణ్ని పంపినా లెక్క సరిపోతుంది కాబట్టి, పుస్తకం చేతికి అందేంత దగ్గరలో ఉన్న ఆటగాడు ఎవరని వాకబు చేయగా, తలకింద పెట్టుకుని పడుకునేవాడు ఒకడున్నాడని తేలింది.

బడ్ తన పుస్తకాన్ని గ్లెన్ గారి చేతిలో పెట్టాడు. ఒక్క పేజీ కూడా నలగలేదు.

"చూశావా, చదువు మీద శ్రద్ధ పెడితే ఇలాగే ఉంటుంది," అన్నాడు రూఫస్‌తో. నవ్వుతూనే అన్నాడు గానీ, సంచీ భుజానికి ఎత్తుకోవడానికి మామూలుకన్నా ఎక్కువ సేపు తీసుకున్నాడు.

ఆ విధంగా రూఫస్ బెల్ యాభై మూడో ఆటగాడయ్యాడు. రికార్డులో అతని పేరు ఎదుట "వెళ్లిపోవుట: పరిశీలనలో" అని రాశారు.

వెళ్లిపోతున్న మనిషిని మైదానంలోకి పంపడం పద్ధతి కాదు కాబట్టి నాలుగు ఆదివారాలు అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టారు. అతను ఆడాల్సిన స్థానంలో బ్రాంట్లీ కెర్ ఆడుతున్నాడు. కెర్ డ్రాఫ్ట్ మొదటి విడతలో వచ్చినవాడు, నలభై గజాలు 4.37 సెకన్లలో పరిగెత్తాడు. బంతి ఎటు పోతుందో అతనికి తెలియదు గానీ, అటు కాని వైపు మాత్రం మహా వేగంగా పోయేవాడు. ముందుచూపు విభాగం దీన్ని "అలవాటు పడుతున్నాడు" అని రాసింది. అయిదో ఆదివారం, మైదానం రెండో వైపు మా జట్టులో ఇదే పని చేసేవాడి చీలమండ బెణికింది. ఆ పని చేసేవాళ్లు బెంచీ మీద ఇంకెవరూ లేరు. కోచ్ చుట్టూ చూసి, "ఆ వెళ్లిపోయేవాణ్ని పంపండి," అన్నాడు.

రూఫస్ వేగంగా పరిగెత్తలేదు. బంతి విసిరేవాడి భుజం కదలగానే, బంతి ఎక్కడ పడుతుందో అక్కడికి ముందే వెళ్లి నిలబడ్డాడు. బంతి వచ్చింది, పట్టుకున్నాడు.

బుధవారం అతనికి నోటీసు వచ్చింది. "కొలతలకు విరుద్ధంగా ఆడినందుకు నలభై ఎనిమిది గంటల్లోగా వివరణ ఇవ్వవలెను." రూఫస్ ఇలా రాసి ఇచ్చాడు: "బంతి నా వైపు వచ్చింది. పట్టుకున్నాను." శుక్రవారం జవాబు వచ్చింది. "వివరణ సంతృప్తికరంగా లేదు."

నవంబరు వచ్చేసరికి అతను ఆరు బంతులు పట్టాడు, ఆరు వివరణలు రాశాడు. ఊళ్లో బేకరీవాళ్లు కేకుల మీద 47 వేశారు. స్టేడియంలో అరవై వేల మంది లేచి "బెల్! బెల్!" అని అరిచేవారు. అతని హెల్మెట్ మీద తెల్ల టేపు మాత్రం అలాగే ఉంది, అంచులు లేచిపోతే మరో ముక్క అంటించారు. టీవీలో వ్యాఖ్యాత ప్రతిసారీ "డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోని రూఫస్ బెల్" అనేవాడు.

"నేను పెట్టిన పేరు రూఫస్ ఒక్కటేరా," అంది లొరెట్టా ఫోన్లో. "ముందు ఆ తోకెవడు తగిలించాడు?"

"తోక వెనకుంటుందమ్మా."

"నీకు ముందే తగిలించారుగా!"

నవంబరు మూడో వారంలో సరస్సు మీంచి చలిగాలి మొదలైంది. లొరెట్టా మళ్లీ ఫోన్ చేసింది.

"నాన్నా, నీ కోటు పంపానురా. అందులో ఏముందో తెలుసా? నల్ల అట్ట పుస్తకం ఒకటి!"

రూఫస్ చేతిలోని చెంచా కింద పడింది. "అమ్మా, అదెక్కడుంది ఇప్పుడు?"

"పంపించేశాగా."

"ఎవరికి? నాకేనా?"

"నీకెందుకు? అట్ట మీద ఎవరి పేరుంటే వాళ్లకి. ముప్పై ఏళ్లు కౌంటీ లైబ్రరీలో పనిచేసిన మనిషినిరా, పరాయి పుస్తకం ఇంట్లో పెట్టుకుంటానా? ఆలస్యమైనందుకు క్షమించమని ఉత్తరం కూడా పెట్టాను. మంచి కాగితం మీద రాశాలే."

రూఫస్ పరిగెత్తాడు. ఆ రోజు గనక ఎవరైనా కొలిచి ఉంటే అతని జీవితమే వేరుగా ఉండేది. కానీ అతను వెళ్లేసరికి పార్సెల్ గ్లెన్ గారి బల్ల మీద విప్పి ఉంది. పక్కన లొరెట్టా గుండ్రటి అక్షరాల ఉత్తరం. ఏడో గడిలో టిక్కు.

"చాలా చక్కటి ఉత్తరం బాబూ," అన్నారు గ్లెన్ గారు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. "ఇరవై రెండేళ్లలో నాకెవరూ ఉత్తరం రాయలేదు."

"ఎనిమిదో గడి నింపకండి, గ్లెన్ గారూ!"

"నేనెక్కడ నింపుతాను? ఏడోది నిండితే అది నిండినట్టే లెక్క."

కోచ్ వచ్చి బల్ల గుద్దాడు. "ఈ కుర్రాడు నాకు కావాలి!" గ్లెన్ గారు నిబంధనల పుస్తకం తీసి చూపించారు. మొదలైన వెళ్లిపోవడాన్ని ఆపాలంటే, ఇమడడని రాసింది పొరపాటని ముందుచూపు విభాగం అధిపతి సంతకం చెయ్యాలి.

ప్రిచర్డ్ రూఫస్‌ను లేచి నిలబడి ఆహ్వానించాడు, కాఫీ పోయించాడు.

"మీ ఆటంటే నాకు ప్రాణం, మిస్టర్ బెల్. మా పిల్లలిద్దరూ మీ చొక్కాలే వేసుకుంటారు."

"అయితే సంతకం పెట్టండి సార్."

"ఇష్టానికీ సంతకానికీ సంబంధమేముంది?"

"ఆరు బంతులు పట్టాను కదా సార్."

"పట్టారు. పట్టకూడదని మా దగ్గర కాగితం ఉంది. ఆ కాగితం తప్పని రాయాలంటే దానికి వేరే కాగితం కావాలి. మా విభాగంలో అది అచ్చు వెయ్యలేదు." ప్రిచర్డ్ కాఫీ కప్పు అతని వైపు జరిపాడు. "ఎప్పుడూ అవసరం పడలేదు మరి."

ఇద్దరు పనివాళ్లు వచ్చి ఇనప అరను గదిలోంచి తోసుకుపోయారు. దానికి చక్రాలెందుకు పెట్టారో రూఫస్‌కు అప్పుడు అర్థమైంది.

"నావల్లేనా నాన్నా?" అంది లొరెట్టా ఫోన్లో. ఆమె గొంతు అంత చిన్నగా ఉండటం రూఫస్ ఎప్పుడూ వినలేదు.

"నీ తప్పేముందమ్మా. నువ్వు వాళ్ల పుస్తకం వాళ్లకిచ్చావు. వాళ్లు నీ కొడుకుని నీకిచ్చారు."

మర్నాడు పొద్దున్నే నది అవతలి జట్టు రివర్‌మెన్ అతన్ని తీసుకుంది. గేటు దగ్గర బడ్ కోవాల్ ఎదురొచ్చాడు. సెప్టెంబరు నుంచి అక్కడే ఆడుతున్నాడు.

"కొత్త పుస్తకం ఇచ్చారా?"

"ఇచ్చారు."

"మీ అమ్మకు చూపించకు," అన్నాడు బడ్. "పీచ్ పై మాత్రం పంపమను."

డిసెంబరు రెండో ఆదివారం రివర్‌మెన్ మా ఊరొచ్చి హ్యామర్స్‌తో ఆడారు. ఆట ముగియడానికి నలభై సెకన్లు ఉండగా, కెర్ అటు కాని వైపు పరిగెత్తిన తర్వాత కూడా మా జట్టు నాలుగు పాయింట్లు మాత్రమే వెనకబడి ఉంది. మావాళ్లు విసిరిన ఆఖరి బంతి గాల్లోకి లేచింది. రూఫస్ అది పడే చోట ముందే నిలబడి ఉన్నాడు, పట్టుకున్నాడు. అరవై వేల మంది అలవాటు కొద్దీ "బెల్! బెల్!" అని అరిచి, తర్వాత గుర్తొచ్చి కూర్చున్నారు.

జనవరిలో ముందుచూపు విభాగం వార్షిక నివేదిక వెలువడింది. అందులో రూఫస్ గురించి రెండు వాక్యాలున్నాయి: "బెల్ మన జట్టుకు ఉపయోగపడడని ఏప్రిల్‌లోనే తెలిపియున్నాము. డిసెంబరులో అతను మన జట్టును ఓడించినందువలన మా అంచనా సరైనదేనని రుజువైనది."