పాట కారుతోంది

పెళ్లయ్యాక చుట్టాలెవరూ లేని మొదటి ఆదివారం. పొద్దున్నే కాఫీలు కానిచ్చి, పడకగది తలుపు వేసుకుని, ఒక్క గంటసేపు పక్కపక్కన కూర్చుని పాట వినాలని కొత్త జంట పథకం వేసుకుంది. ఇంతవరకు వాళ్లకు అలాంటి గంట ఒక్కటీ దొరకలేదు మరి.

పాటంటారు గానీ అందులో మాటలుండవు. మబ్బు కదిలినట్టు సన్నగా సాగే కంప్యూటర్ స్వరాలు, మధ్యలో వేలు తాకీ తాకనట్టు ఒక గిటారు తీగ మోత, ఎక్కడో చెక్క కిర్రుమనడం, మరెక్కడో నీటి చుక్కలు. ఆఫీసులో బుర్ర వేడెక్కినప్పుడల్లా అతను వినేది అదే. పెళ్లికి ముందు నుంచీ ఆమెను ఊరిస్తున్నాడు. స్పీకరును గోడ అలమరలో, గోడకు ఆనించి పెట్టాడు.

ఆ పలచటి గోడకు అవతల, హాల్లో, ఆమె అత్తగారు. ఆవిడ నీళ్ల సరఫరా శాఖలో లీకులు పట్టే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఇనప కడ్డీ ఒక కొస నేలకు, రెండో కొస చెవికి ఆనించి, రోడ్డు కింద గొట్టం ఎక్కడ కారుతోందో చెప్పేవారు. ఆవిడ వేలు చూపిన చోట తవ్వితే నీళ్లు పడాల్సిందే. ఆ కడ్డీ ఇప్పటికీ ఇంట్లో గొడుగు పక్కనే ఉంటుంది.

టప్... టప్...

ఆవిడ పేపరు పక్కన పడేసి, కడ్డీ తీసి గోడకు ఆనించారు. ముఖం వెలిగిపోయింది. రిటైరయ్యాక ఇంత మంచి లీకు దొరకలేదు.

ఆవిడ కబురు పెట్టగానే కింది వాటాలో ఉండే ప్లంబరు సుత్తీ ఉలీ పట్టుకుని వచ్చాడు.

"నాకేం వినపడట్లేదమ్మా."

"నీకు వినపడితే నా ఉద్యోగం నీకే ఇచ్చేవాళ్లు నాయనా. పోయి మెయిన్ వాల్వు కట్టెయ్."

కట్టేశాడు. టప్ టప్ ఆగలేదు.

"అయితే ఇవి పైవాళ్ల నీళ్లే. వాళ్ల వాల్వు కూడా కట్టెయ్."

అదీ కట్టేశాడు. పై వాటా ఆయన ముఖం నిండా సబ్బుతో మెట్లు తడుముకుంటూ దిగివచ్చి, కళ్లు తెరవలేక ప్లంబరుకు దణ్ణం పెట్టి, "కాస్త నీళ్లు వదలండి పిన్నిగారూ" అని బతిమాలాడు.

సరిగ్గా అప్పుడే లోపల అతను, "ఇప్పుడొచ్చే ముక్క నీకు భలే నచ్చుతుంది" అంటూ సౌండు పెంచాడు.

"చూశావా! ప్రెషరు పెరిగింది!" అని ఇవతల అత్తగారు కేకేశారు. "ఇంకేం చూస్తావ్, కొట్టు!"

ఠక్. ఠక్. ఠక్.

ఆమె అతని భుజం మీద తల వాల్చి కళ్లు మూసుకుంది. "ఏవండీ, ఈ తాళం ఎంత బాగుందో! ఎవరో పక్క గదిలో కొడుతున్నట్టే ఉంది."

ఆ తాళం ఇంతకుముందు విన్న గుర్తు అతనికి లేదు. కానీ కొత్త పెళ్లాం మెచ్చుకున్నదాన్ని కాదనే మొగుడు ఇంకా పుట్టలేదు. "మంచి స్పీకరు కదా, దాగినవన్నీ బయటపడతాయి" అన్నాడు గర్వంగా.

"ఇసుక రాలుతున్నట్టు కూడా వినిపిస్తోందండీ."

"అదే మరి దీని గొప్ప!"

"జుట్టులో కూడా పడుతోందండీ."

కళ్లు తెరిచేసరికి గోడకు బంతి పట్టేంత కన్నం. కన్నంలో ప్లంబరు కన్ను.

"అమ్మా, ఇందులో గొట్టం లేదు, నీళ్లూ లేవు. అబ్బాయిగారూ అమ్మాయిగారూ ఉన్నారు."

అతను చటుక్కున పాట ఆపాడు. లీకూ ఆగింది.

అత్తగారి చేతిలోని కడ్డీ మెల్లగా కిందికి దిగింది. సర్వీసంతా ఒక్కసారి కూడా తప్పని చెవి! కోడలికి నవ్వు పొంగుకొచ్చింది గానీ, తలుపు తీసి ఆవిడ ముఖం చూశాక మింగేసింది.

"గోడ అవతలి నుంచి చుక్కను పట్టేశారే అత్తయ్యా! పక్కనే కూర్చున్నా, మీ అబ్బాయి చెబితే గానీ నాకు తెలీలేదు. రండి, మీరూ విందురు గాని."

కోడలు మాటవరసకే అంది. అత్తగారు మాత్రం వచ్చి మంచం మధ్యలో, ఇద్దరికీ నడుమ కూర్చున్నారు. కడ్డీ ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, పాట అయ్యేదాకా కదల్లేదు.

"ఆ చుక్కలు రేకు డబ్బాలో పడుతున్నవిరా, గొట్టంలోవి కావు" అన్నారు చివరికి. "తీగ మీటినవాడు మాత్రం మంచి పనివాడు. రేపు మళ్లీ పెట్టు."

ప్లంబరు వాల్వులన్నీ తిప్పి వచ్చి, సిమెంటు కలపబోయాడు. ఆవిడ వారించారు.

"ఉండనీ నాయనా. ఇలాగైతే హాల్లోకి శుభ్రంగా వినిపిస్తుంది."

ఆ సాయంత్రమే కొత్త జంట, కడ్డీ పట్టుకుని నిలబడ్డ అత్తగారి ఫొటోను పెద్దది చేయించి తెచ్చి, సరిగ్గా ఆ కన్నం మీద తగిలించింది. దానికి మాత్రం ఆవిడ అడ్డు చెప్పలేదు.